బంగారు కార్డు

ప్రియమైన శ్రీవారికి,
స్కానింగ్ మెషిన్లు బాగుచేస్తూ ఊరూరా తిరిగే మీరు ఇల్లు చూసి ఏడు వారాలైంది. మా చిన్న కంపెనీ విమానం రోజూ మీ గది ఉన్న ఊళ్లో ఎగిరి గంటలో ఇక్కడ దిగుతోంది, అదీ సగం ధరకే. టిక్కెట్ల కౌంటర్లో కూర్చుని దిగేవాళ్ల మొహాలు చూడటమే నా పనైంది. శుక్రవారం ఎక్కండి. గోడలతో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చింది.
మీ ఇంటిది

ప్రియమైన కౌంటరు మహారాణీ,
కోప్పడకు. టిక్కెట్టు డబ్బు మా ఆఫీసుది, ఎక్కిన ప్రతిసారీ పెద్ద కంపెనీ ఇచ్చే పాయింట్లు నావి. మీ విమానంలో ఒక్క పాయింటూ రాదాయె! పెద్ద కంపెనీ విమానమైతే చుట్టూ తిరిగి రావడానికి రోజంతా పడుతుంది, అందుకే రెండు రోజుల సెలవు చాలడం లేదు. ఇంకో పద్దెనిమిది వేల పాయింట్లు వస్తే మనిద్దరికీ సముద్రపు ఒడ్డుకు ఉచిత టిక్కెట్లు. అక్కడ నిన్ను క్షణం వదిలితే ఒట్టు.
నీ ఆయన

ప్రియమైన మీకు,
మా విమానం నెలాఖరుకు ఆగిపోతోంది. డెబ్బై సీట్లకు నిన్న పన్నెండు మంది. ధర ఇంకా తగ్గించినా ఆఫీసు పనిమీద తిరిగేవాళ్లు రాలేదు. "మీది చవకేనమ్మా, మరి నా పాయింట్లో?" అన్నాడొక పెద్దమనిషి. అచ్చం మీ మాటే. ఈ వార్త తెలియగానే పెద్ద కంపెనీ టిక్కెట్టు రెండింతలు చేసింది. పోటీ లేకపోతే అడిగేదెవరు? ఉద్యోగం పోతే పోనీండి, ఆఖరి విమానంలోనైనా రండి.
మీ నేను

ప్రియమైన నీకు,
మనసు చివుక్కుమంది. కానీ ఉచిత టిక్కెట్టుకు కావాల్సిన పాయింట్లు పెద్ద కంపెనీవాళ్లు పెంచేశారు. పైగా ఏడాది ముగిసేలోగా మరో మూడు ప్రయాణాలు చేయకపోతే, తరచూ ఎక్కేవాళ్లకని వాళ్లిచ్చిన బంగారు కార్డు పోతుంది. ఇన్నేళ్ల తిరుగుడు బూడిదలో పోసిన పన్నీరవుతుంది. వచ్చే నెల తప్పక వస్తాను.
నీ ఆయన

ప్రియమైన మీకు,
ఇది మీ గదిలో, మీ బల్లమీద రాస్తున్నాను. మీరు రారు కదా అని ఆఖరి విమానంలో నేనే వచ్చాను. మీ ఇంటి ఓనరమ్మ తాళం తీసింది. "వారం నుంచి సెలవేనమ్మా ఆయనకి. కార్డు నిలబెట్టుకోవాలట, ఊరికే విమానమెక్కి తిరిగొస్తానని వెళ్లాడు" అంది.
రెండు రోజులు చూశాను. మీ చొక్కాలు ఉతికి ఆరేశాను. ఇన్నాళ్లూ మీకు తీరిక లేదనుకుని సరిపెట్టుకున్నాను. ఉందని తెలిశాక ఏడుపొచ్చింది.
తిరిగి వెళ్లడానికి మిగిలింది మీ పెద్ద కంపెనీ విమానమొక్కటే. ధర విని బస్సెక్కుతున్నాను. పద్నాలుగు గంటలు, పాయింట్లు సున్నా. ఎప్పుడైనా ఆ బస్సులో వస్తే తలుపు తీస్తాను.
మీ భార్య