మెమరీకి పెట్టిన బొట్టు

ఐన్ ఖాలిద్, దోహా
బుధవారం

అక్కకు నీ చెల్లెలు సుధారాణి నమస్కారాలు. మేమిద్దరం ఆరోగ్యంగా ఉన్నాం, నువ్వేం కంగారు పడకు. బావగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని నా మాటగా చెప్పు, నీ మాట ఎలాగూ వినరు. ఇక్కడ ఎండ కాస్త తగ్గింది గానీ గాలిలో చెమ్మ ఎక్కువ. బాల్కనీలో ఆరేసిన చీర సాయంత్రానికి కూడా ఆరడం లేదు. రోజూ వంట చేసుకుంటున్నాం, ఖుబూస్ రొట్టెలతో కడుపు నింపుకుంటున్నామని బెంగ పెట్టుకోకు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో సగం వినగానే నవ్వేసి మిగతాది నువ్వే చెప్పేస్తావు. అందుకే కాకినాడ వస్తున్నవాళ్ల చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడొక ఆఫీసువాళ్లు విల్లా డ్రాయింగ్ ఒకటి ఇచ్చి, ఆదివారం పొద్దున్నకల్లా గీసి పంపితే ఉద్యోగం సంగతి చూస్తామన్నారని చెప్పాను కదా. పెళ్లయి వచ్చాక ఏడేళ్లు నేను గీత గీయలేదు. నా ఐడీ కార్డులో వృత్తి దగ్గర గృహిణి అని ఉంటుంది. అది చిన్నతనమని కాదు. కానీ చూసినప్పుడల్లా నేను చదివిన చదువు ఇంకెవరిదో అనిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఆ డ్రాయింగ్ తెరవలేక చతికిలబడింది. అందుకే భాగాలన్నీ విడిగా కొని, గురువారం మా ఆయన, అదే నీ మరిది, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు డ్యూటీ నుంచి రాగానే ఇద్దరం కూర్చుని కంప్యూటర్ బిగించాం.

బిగించే ముందు వీడియో కాల్‌లో ఏమన్నావో గుర్తుందా? "కొత్త వస్తువే, బొట్టు పెట్టకుండా ముట్టుకోకు. అన్నిటికీ పెట్టు, ఒక్కదానికి పెట్టి ఊరుకోకు" అన్నావు. పెట్టాను తల్లీ. పసుపు తడిపి, పైన కుంకుమ అద్ది, పెట్టెకూ ఫ్యాన్లకూ అన్నిటికీ పెట్టాను. మెమరీ ముక్కలు రెండు, జానెడు కూడా లేని సన్నటి పలకలు. ఒక అంచున బంగారు రంగు పళ్ల వరుస. ఎంత ముద్దుగా ఉందో! మొదటిదానికి సరిగ్గా ఆ బంగారం మీదే పెట్టాను. రెండోది దాని జంటే కదా అని వదిలేశాను.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. లోపల బోర్డు మీద ఒక చిన్న దీపం వెలిగి ఆరనంది. మెమరీలో లోపముంటే వెలిగే దీపమని పుస్తకంలో ఉంది. అన్నీ ఊడదీసి మళ్లీ బిగించాం, అదే వరస. చేతిలో ఉన్నది రెండు రోజులు. ఏడుపొచ్చేసింది, నీ దగ్గర దాచడమెందుకు?

శుక్రవారం నీ మరిది వెళ్లి నర్సయ్య అన్నను తీసుకొచ్చారు. జగిత్యాల వైపు మనిషి. బిల్డింగు పనికి వచ్చి, ఇప్పుడు నజ్మాలో రిపేరు షాపులో చేస్తున్నాడు. టీ కూడా ముట్టకుండా పెట్టె ముందు కూర్చున్నాడు.

"భయపడకమ్మా, ఇది చచ్చిపోలే. పొద్దుగాల లేస్తే మనమెవ్వలమో మనకు యాదికొస్తది గదా? దీనికి గా యాదే అందుతలేదు" అన్నాడు.

రెండు ముక్కలూ తీసేసి, రెండోది ఒక్కటే పెట్టి స్విచ్ వేశాడు. తెర నల్లగానే ఉంది. నీ మరిది ఆపేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు సార్. కొత్త మెమరీ గదా, దాన్ని తెలుసుకుంటున్నది. యల్లా యల్లా అని తొందరపెడ్తె గాదు."

ముగ్గురం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. ఎంత వేగంతో పలకరిస్తే ఆ ముక్క సరిగ్గా బదులిస్తుందో, పెట్టె తనంతట తానే పరీక్షించి చూసుకుంటుందట. ఎవరూ చెప్పకుండా! నాలుగైదు నిమిషాలకు తెర వెలిగింది. ఒళ్లు ఝల్లుమందక్కా.

తర్వాత దాన్ని తీసి మొదటి ముక్క పెట్టాడు. మళ్లీ దీపం. ముక్కను కిటికీ వెలుగులో తిప్పి చూసి నావైపు తిరిగాడు.

"బొట్టు ఎవ్వలు పెట్టిండ్రమ్మా?"

"మా అక్క" అన్నాను. తప్పు పంచుకోవడానికే కదా తోబుట్టువులుండేది.

ఆయన నవ్వలేదు. "మంచిదే. మా షాపుల గూడ పెడుతం. గని నోట్లె పెట్టద్దు, పక్కకు పెట్టాలె" అని పెన్సిల్ రబ్బరు అడిగి, ఒక్కో పన్నూ మెల్లగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచాడు. ఈసారి రెండూ కలిపి పెడితే చక్కగా నడిచింది. గోటితో గీకితే పోయే పసుపు అంత యంత్రాన్ని మూగదాన్ని చేసిందంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావన్నా?" అన్నాను.

"మా ఊళ్లె బాయి మోటరు ఆగితె గిట్లనే ఒక్కొక్కటి తీసి చూస్తుంటి. మా ఊరోళ్లకు గల్ఫంత దుబాయే. దుబాయ్ల కంప్యూటర్లు బాగుచేస్తున్నంటె మా ఇంటోళ్లు ఇప్పటికీ నమ్మరు."

చదువుకున్న మేమిద్దరం రాత్రంతా అన్నీ ఒకేసారి ఊడదీసి ఒకేసారి బిగించాం. ఆయన ఒక్కొక్కటిగా అడిగాడు. ఆ ఓర్పుకు నిజంగా దండం పెట్టాలనిపించింది. పప్పూ దొండకాయ వేపుడుతో భోజనం పెట్టి పంపాను.

అటక మీద నా కాలేజీ డ్రాయింగులున్న గొట్టం ఉంటుంది, చెదలు పట్టకపోతే ఎవరైనా వచ్చేటప్పుడు పంపు. పిల్లలకు ముద్దులు. అత్తయ్యగారికి మా ఇద్దరి నమస్కారాలు. మీ దీవెనలు మా మీద ఎప్పుడూ ఉండాలి.

అసలు సంగతి చివరికి ఉంచాను, నువ్వు ముందు చివరి పేజీ చూసే రకమని తెలిసినా. శనివారమంతా గీసి ఆదివారం తెల్లారగానే పంపాను. నిన్న జవాబొచ్చింది. వచ్చే నెల నుంచి రమ్మన్నారు, పర్మిట్ వాళ్లే చూసుకుంటారట. డ్రాయింగ్‌లో ఒకటే తప్పు దొరికిందన్నారు. కింది మూల గీసినవారి పేరు రాసే గడి ఖాళీగా వదిలేశానట. అక్కా, ఆ గడి నాదని నాకు తట్టనే లేదు. నిన్న సాయంత్రం కూర్చుని అందులో నా పేరు పూర్తిగా రాశాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సుధారాణి, డ్రాఫ్ట్స్‌మన్