పది నిమిషాలు ఆలస్యమైన బస్సు

దోహా, 1996 నవంబర్, శుక్రవారం రాత్రి

మా తెలుగు సంఘం అధ్యక్ష ఎన్నిక జరిగి వారమైంది. ఎన్నికల అధికారిని నేనే కాబట్టి ఫలితం కాగితం మీద నా సంతకం ఒక్కటే మిగిలింది. సాయంత్రం సరళ దానికోసమే వచ్చింది. మూడు ఓట్ల తేడాతో గెలిచింది వాళ్ళాయనే.

"టైమంటే టైమే కదా వదినా. మీరే రాసి గోడకి అంటించారు," అంది పెన్ను చేతికిస్తూ.

నిజమే. అయిదు కాగానే పెట్టె మూసేశాను. పది నిమిషాల తర్వాత కూలీల క్యాంప్ బస్సు వచ్చింది. ఆ శుక్రవారం కూడా ఓవర్‌టైమ్ వేశారట, పన్నెండు మంది డ్యూటీ బట్టలతోనే దిగారు. వాళ్ళలో రాజయ్య గుమ్మంలో ఆగి, "సంఘం పండుగలకు కుర్చీలు మోసేటప్పుడు మేం ఎప్పుడొచ్చినా నడుస్తది మేడమ్. ఓటుకేమో గడియారం చూపెడ్తున్నరా?" అన్నాడు. లోపలున్న కొందరు నవ్వారు. అప్పటినుంచి నజ్మా హోటల్లో కూడా క్యాంపు వాళ్ళూ మిగతావాళ్ళూ వేరువేరు బల్లల దగ్గర కూర్చుంటున్నాయట.

సంతకం రేపు పెడతానన్నాను.

"అయితే మీరూ అటేనన్నమాట," అని సరళ టీ ముట్టకుండానే వెళ్ళిపోయింది. పదేళ్ళ స్నేహం.

నేను ఎవరి వైపూ కాదు. కానీ అయిదింటి గడువు పెట్టేటప్పుడు శుక్రవారం అందరికీ సెలవే అనుకున్నాను. మా ఆయనకి సెలవు, సరళ వాళ్ళాయనకి సెలవు. క్యాంపులో ఒక్కరినైనా అడగాలని తోచలేదు. ఇప్పుడు సంతకం ఆపడం న్యాయమా, నా తప్పు దిద్దుకోవాలన్న ఆరాటమా, తెలియడం లేదు.

సంతకం పెట్టాల్సిన చోట "ఎన్నిక మళ్ళీ జరపాలి" అని రాసి, దాని కింద సంతకం చేశాను. పొద్దున్నే నేనే తీసుకెళ్ళి సరళ చేతికివ్వాలి. తలుపు తీస్తుందో, లేదో...