గాజు మూత కింద మాట

రేగెన్స్‌బుర్గ్, మే 1957

అమ్మా, మేమిద్దరం కులాసా. నేను నడిబజారులో మొగుణ్ణి కొట్టానని, ఆయన ఏడ్చాడని మన ఊరి పోస్టాఫీసు క్రెసెంజ్ అత్త నీతో చెప్పిందట. సంతకొచ్చిన ఆవిడ చూసింది నిజమే. మా మూడు చక్రాల కారుకు పైనంతా గాజు మూతే కదా, జాడీలో చేపల్లా అందరికీ కనిపిస్తాం. మాట మాత్రం బయటికి రాదు.

ఆ రోజు డాక్టరు చెప్పిన సంగతి ఇంటికెళ్లి చెబుదామనుకున్నాను, ఆగలేకపోయాను. ఈ కారులో మా ఆయన కొర్బినియన్ ముందు, నేను వెనక, నా వీపు వెనక ఇంజను. కూడలిలో పోలీసు ఆపినప్పుడు ఆయన చెవిలో చెప్పాను.

"ఏంటి? ఇంజను మోతకి ఏం వినపడట్లా."

"తండ్రివి కాబోతున్నావయ్యా," అని అరిచాను.

ఆయన స్కూటరుకున్నట్టుండే ఆ హ్యాండిల్ వదిలేసి రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. పోలీసు పొమ్మంటున్నాడు, వెనక లారీ హారన్ కొడుతోంది, ఈయన కదలడు. "ఏడుపు తర్వాత, ముందు బండి పోనీ," అంటూ వీపు మీద నాలుగు గుద్దులు గుద్దాను. జరిగిందంతే.

అటక మీది నా ఉయ్యాలకు పురుగు పట్టలేదు కదా? తెల్ల ఊలు పంపు. వెనక సీట్లో నా పక్కన కాస్త చోటుంది, బిడ్డకు చాలు. నాన్న మోకాలు ఎలా ఉంది? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ వాల్‌బుర్గా

క్రెసెంజ్ అత్తా, ఎలాగూ చదివేశావు కదా. కవరులో పెట్టకుండా కార్డు మీద రాసింది నీ కోసమే. ఆ కొట్టిన సంగతి ఎంతమందికి చెప్పావో ఇదీ అంతమందికీ చెప్పు. కాకపోతే ముందు అమ్మకి.