ఆ హోరులో చెప్పలేని మాట

బావా,

నువ్వు చనిపోయాక మొదటిసారి, నిన్న పలాసలో ఏటా జరిగే మన హీరో అభిమానుల సమావేశానికి వెళ్లాను. నాకు డాన్సు ఆడటం రాదు, పైగా సిగ్గు. అయినా అక్కడి డీజే పాటలంటే ప్రాణమని నీకొక్కడికే తెలుసు. ఎవరైనా నన్ను లాగబోతే నువ్వే అడ్డొచ్చేవాడివి. "ఆణ్ని వొగ్గీండ్రా, ఆడికి సూత్తే సాలు" అనేవాడివి. నేను స్పీకరు పక్కన గోడకానుకుని, కాలైనా కదపకుండా, నీకంటే ఎక్కువ సంతోషపడేవాణ్ని. మన ఉద్దానం కిడ్నీ జబ్బు నీకూ వచ్చి డయాలసిస్ మొదలయ్యాక, కుర్చీలో కూర్చుని చేతులతోనే ఆడావు.

నిన్న పాటలు గుండెల్లో దడదడలాడాయి గానీ నాకు ఏ సంతోషమూ కలగలేదు. ఇంతలో, ఎప్పుడూ నీతో ఆడే టెక్కలి కుర్రాడు వచ్చాడు.

"మీ బావేడ్రా?"

నువ్వు పోయావని వాడికి తెలియదు. ఆ హోరులో చెప్పాలంటే ఆ మాటను గట్టిగా అరవాలి. నోరు తెరిచాను.

"ఒంట్లో బాగోనేదేటి?" అని వాడే అరిచాడు. తలూపాను.

"ఒచ్చే ఏడు ఎలాగైనా తీసుకొచ్చీరా!" అని, ఆడుతూ గుంపులోకి వెళ్లిపోయాడు.

దానికీ తలూపాను బావా.