ఆకు కాటా మీద తూచిన ఆరోగ్యం

సబ్ డివిజన్ అధికారి గారి సముఖమునకు నహర్‌డుబీ తేయాకు తోట, కూలీల ఇళ్ల వరసలైన లైన్ల నుంచి సొనాతన్ భూమిజ్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అక్క రైమొణి కిడ్నీలు పాడవుతుండగా, ఆకు తూచే కాటా మీద ఆమెను తూచి "ఆరోగ్యవంతురాలు" అని చీటీ వ్రాసిన తోట కాంపౌండరు ఫుకన్ బాబు చేసిన అన్యాయము గురించి.

1. అక్క జబ్బు లూపస్ అని జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మ తేల్చారు. రోగాలను తరమవలసిన ఒంటి కాపలాయే తిరగబడి సొంత కిడ్నీలను కొరుకుతోంది. ఎండ తగిలితే అది రెచ్చిపోతుంది, నీడపట్టు పని ఇవ్వండని వ్రాసిచ్చారు.

2. సదరు కాగితాన్ని ఫుకన్ బాబు జేబులో దోపుకుని అక్కను కాటా ఎక్కించారు. మూడు వారాల్లో ఎనిమిది కిలోలు పెరిగింది.

"కూర్చుని తిని దూడలా బలిశావు కదే! ఇంకేం రోగం? రేపట్నుంచి పనిలోకి రా."

అక్క పాదం మీద వేలితో నొక్కి చూపింది. గుంట పడి, పూడలేదు. "ఇది కండ కాదు బాబూ, నీరు."

"నీరైతే తక్కువ తాగు."

కూలీల మీద మేస్త్రీలైన సర్దార్లు నవ్వారు.

3. అది నీరే. కిడ్నీ జల్లెడలు చిరిగితే ఒంటి సత్తువంతా మూత్రంలో పోతుంది, నీరు ఒంట్లో నిలుస్తుంది. ఆసుపత్రిలో ఊరికే పంచే కరపత్రంలో ఉన్నదే ఇది. నేను చదివాను. ఆయన చదవలేదు. చీటీలు వ్రాసే అధికారం ఆయనది!

4. పదకొండు రోజులు ఎండలో ఆకు కోసింది. నిన్నటి నుంచి మూత్రం గ్లాసెడైనా రాలేదు. వాపుకు కళ్లు తెరుచుకోవడం లేదు. పొద్దున నన్ను పిలిచి, "సోనా, నా వరసలో ఆకు ముదిరిపోతుందిరా, కాస్త కోసిపెట్టవూ" అంది. అయ్యా, ఈ మాటను ఏ అంశం కింద వ్రాయాలో నాకు తెలియదు.

5. వెంటనే తెమ్మని డాక్టరమ్మ ఫోనులో అన్నారు. ఆలస్యమైతే కిడ్నీలు ఇక తిరిగి రావన్నారు. వాగు పొంగింది. దూరాన ఉన్న వంతెన చుట్టి తీసుకెళ్లగలిగే బండి తోట అంబులెన్సు ఒక్కటే. ఆరోగ్యవంతురాలికి అంబులెన్సు ఇవ్వరట!

కావున ఆ చీటీని రద్దు చేసి, బండిని ఈ రోజే ఇప్పించవలెను. దయ అడగడం లేదు, న్యాయమే అడుగుతున్నాను, చిత్తగించవలెను.

విధేయుడుగా ఉండే ఓపిక అయిపోతున్న,
సొనాతన్ భూమిజ్

తా.క. ఈ అర్జీని ఫోటో తీసి తమరి ఫోనుకు పంపి, నకలు లైన్ల గోడలకు అంటించాను. అన్నలారా, అక్కలారా, మధ్యాహ్నం మూడింటికి తోట గేటు దగ్గరికి రండి. బండి రాకుంటే అక్కను మంచం మీద వాగు దాటిద్దాం. నీళ్లు మెడలోతున ఉన్నాయి, పొడుగువాళ్లు ముందు నడవాలి. అయ్యా, తమరు అవతలి ఒడ్డున జీపుతో నిలబడితే చాలు.