ఘాటు వాసన సీసాలు

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు కాబట్టి రాస్తున్నాను. అక్కడ మరదలు వింటుంది, ఇక్కడ నా పక్క బల్ల ఆవిడ వింటుంది. అందుకే ఇంటికి కాకుండా నీ కుట్టు దుకాణానికి పంపుతున్నాను.

మా ల్యాబ్‌లో నేను చేసే పని నీకు తెలుసు. ఎండుటాకులో పుల్లలు ఏరడం, మరలో వేసి పొడి చేయడం. పదకొండేళ్లుగా అదే. ఆ పొడిలోంచి మా డాక్టరమ్మ ఏదో పదార్థాన్ని విడదీసింది. అది షుగర్‌ను తగ్గిస్తుందేమోనని ఇప్పుడు మనుషులకిచ్చి చూస్తున్నారు. సగం మందికి మందున్న క్యాప్సూల్, సగం మందికి మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్. ఎవరికి ఏది వెళ్తోందో మాకు చెప్పరు. సీసా మీద అంకె మాత్రం ఉంటుంది.

నా ముక్కుకు అంకెలతో పనేముంది? కొన్ని సీసాల మూత తీస్తే ఆకు వాసన గుప్పుమంటుంది. కొన్నిటిది అంతంతమాత్రం. అసలు మందు ఏదో నాకు తెలిసిపోయింది. మిగులు సీసాల అల్మారా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అందులోంచి ఘాటు వాసన ఉన్నది ఒకటి తీశాను. తప్పే. దేవుడి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఆ వెంటనే నీ పేరు కూడా చెప్పుకున్నాను. సీసా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకో. ఇన్సులిన్ మాత్రం మానకు. నా మీద ఒట్టు.

నీ మంచి కోరే
అక్క

*

అక్కకి,

నమస్కారం. సీసా అందింది. మూత తీశానో లేదో దుకాణమంతా వాసన. కోటు కొలతలివ్వడానికి వచ్చినాయన ముక్కు మూసుకుని, "ఏం మాస్టారూ, బట్టలు కుడుతున్నారా, కషాయం కాస్తున్నారా?" అన్నాడు. "చేతులు బట్టలకి, పొయ్యి కషాయానికి" అన్నాను. నవ్వాడు గానీ కొలతలిచ్చి త్వరగా వెళ్లిపోయాడు.

పది రోజులు వేసుకుని చూస్తే షుగర్ నూట అరవై. ఇదివరకు రెండు వందల ఎనభై ఉండేది కదా. నీ ముక్కుకు దండం పెట్టాలి. మీ మరదలితో బలం మందని చెప్పాను. "ఈ వాసనకి బలం రావడం అటుంచి ఉన్నది పోయేలా ఉంది" అంది. ఇంకో సీసా దొరికితే పంపు.

ఇట్లు
నీ తమ్ముడు

*

తమ్ముడూ,

నూట అరవై అన్న ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. ఆరోజు ఆకు ఏరుతుంటే పక్కావిడ, "ఏంటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంది. తుమ్ము ఆపుకుంటున్నానని చెప్పాను.

రెండు సీసాలు పంపుతున్నాను, రెండూ ఘాటువే. ఇన్సులిన్ వేసుకుంటున్నానని మాత్రం నువ్వు ఒక్క ముక్కయినా రాయలేదేం? అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వించడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఈసారి రాయి.

నీ కోసం దేవుణ్ణి వేడుకునే
అక్క

*

అక్కకి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. మంగళవారం ఇంటికొచ్చి చెప్పులు విప్పితే ఎడమ అరికాల్లో గుండుసూది ఉంది. తల మాత్రం బయటికి కనబడుతోంది. దుకాణంలో నేల నిండా అవే కదా. ఎప్పుడు దిగిందో తెలియదు. చుట్టూ నల్లబడి ఉంది, ఆ లెక్కన రెండు మూడు రోజులై ఉంటుంది. మీ మరదలు దాన్ని లాగుతూ, "నొప్పి లేదా? నిజంగా లేదా?" అని అడుగుతూనే ఉంది. లేదు. ఎవరి కాలో పట్టుకుని చూస్తున్నట్టు ఉంది.

కంగారు పడకు. నిన్న షుగర్ నూట నలభై. ఈ అంకెకి పుండు దానంతటదే మానుతుంది. మీ మరదలు ఆసుపత్రికి పదమని పోరుతోంది. ఈ ఆర్డరు పూర్తికానీ అన్నాను.

ఇట్లు
నీ తమ్ముడు

*

తమ్ముడికి,

మరదలు ఫోన్ చేసింది. కాలి బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారట. నువ్వు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చావట. నాకు ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేసి వెళ్లి ఆకు ఏరాను. ఆరోజు మామూలుకన్నా ఎక్కువే ఏరాను.

మొన్న డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి ఫలితం చెప్పింది. మందు పనిచేస్తోందట, కొంచెమే. అది కూడా మామూలు వైద్యం మానకుండా వాడిన వాళ్లలో. ఇంకా ఏళ్ల పని ఉందట. నేను ఊరుకోలేక, "ఘాటు వాసన వచ్చేవే కదమ్మా అసలువి?" అన్నాను.

పొడులు కలిపే అబ్బాయి నవ్వాడు. "అదేంటి పెద్దమ్మా! మందు తీశాక తెల్లగా ఉంటుంది, దానికి వాసనే ఉండదు. రెండిటికీ తేడా తెలియకూడదని సారం పోయిన పిప్పి కలిపాం. అసలు దాంట్లో చిటికెడు, ఉత్తుత్తిదాంట్లో నిండా పిప్పే. వాసన గట్టిగా కొడితే అందులో మందు లేనట్టే."

నేను నీకు పంపినవి మూడూ ఘాటువే. పదకొండేళ్ల ముక్కు నాది. దాన్ని నమ్మి నీకు పిప్పి పంపాను.

అందరూ లేచి వెళ్లాక డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "మీ తమ్ముడు ఇన్సులిన్ వేసుకుంటున్నాడా?" అని అడిగింది. తెలియదన్నాను. అల్మారా తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లమంది. పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి దేవుడి ముందు నిలబడ్డాను. ఏమీ అడగాలనిపించలేదు. కాళ్లు నొప్పి పుట్టేదాకా ఊరికే నిలబడ్డాను.

ఒక్కటే అడుగుతున్నాను. నా సీసాలు చూసుకుని ఇన్సులిన్ మానేశావా? వేళ్లు నా చేతుల మీదుగానే పోయాయా? నవ్వించకుండా చెప్పు. ఇప్పుడైనా వేసుకుంటున్నావా? డాక్టరమ్మ అంది, ఇలాగే ఉంటే పాదం కూడా పోతుందని.

అక్క

*

అక్కకి,

నువ్వు అడిగినట్టే నవ్వించకుండా రాస్తున్నాను.

నీ మొదటి సీసా అందడానికి రెండు నెలల ముందే ఇన్సులిన్ మానేశాను. ఒకరోజు అది వేసుకుని, తినడానికి తీరిక లేక కత్తెర పట్టుకున్నాను. షుగర్ పడిపోయింది. చేతులు వణుకుతున్నా ఆపలేదు. ఒకాయన పెళ్లి కోసం తెచ్చిన కోటు గుడ్డను అడ్డంగా కోసేశాను. నలుగురిలో ఆయన, "చేతకాకపోతే కత్తెర ఎందుకు పట్టావయ్యా?" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. మర్నాటి నుంచి ఇన్సులిన్ సూది ముట్టలేదు. దుకాణంలో వేసుకుంటున్నానని మీ మరదలికి చెప్పాను.

తర్వాత నీ సీసా వచ్చింది. మానేసినందుకు నాకో సాకు దొరికింది. అందులో అసలు మందే ఉన్నా నేను చేసేది అదే. వేళ్లు నీ చేతుల మీదుగా పోలేదు.

నూట అరవై, నూట నలభై నేను కల్పించినవి. మీటర్ సొరుగులోంచి తీయనే లేదు. నీ సంతోషం కోసం రాస్తున్నాననుకున్నాను. రాసి నేనే చదువుకుని, నిజమే అనుకునేవాణ్ణి.

ఆసుపత్రిలో వాళ్లే ఇన్సులిన్ వేసేవారు. ఇంటికొచ్చాక మళ్లీ మానేశాను, ఐదు రోజులు. వేళ్లు పోయాక కూడా. ఎందుకని అడిగితే ఏం చెప్పను? భయం వేయలేదు. కాలి కట్టుకేసి చూసినా ఏమీ అనిపించలేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. మీ మరదలికి ఇచ్చి చదవమన్నాను. మిగతాది నేను చెప్పాను. ఆవిడ నా ముందున్న కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి మళ్లీ తెచ్చి పెట్టి, "ముందు తిను" అంది.

ఇవాళ పొద్దున సొరుగు తీసి మీటర్ నా ముందు పెట్టి కూర్చుంది. వేలు గుచ్చుకున్నాను. మూడు వందల పన్నెండు. అంకె ఆవిడ కూడా చూసింది. ఆవిడ ఎదురుగానే ఇన్సులిన్ వేసుకున్నాను, తిన్నాను. మధ్యాహ్నం రెండు వందల అరవై ఎనిమిది.

రేపటి అంకె రేపు రాస్తాను.

నీ తమ్ముడు