ఆర్పిన పొర

నాంపల్లి,
16 నవంబరు 1998.

గౌరవనీయులైన జగన్మోహనరావు సార్‌కు,

తబిత వందనాలు. ప్రభువు కృప వల్ల నేను క్షేమం. మీ క్షేమం కోసం కూడా ప్రార్థించమని మా అమ్మ అంటుంది. ఆ పని ఆమెకే వదిలేశాను.

అబిడ్స్‌లో మీ ఆఫీసులో ఆరేళ్ళు భవనాల డ్రాయింగులు గీశాను. కంప్యూటర్ వచ్చిన రోజు మీరు దాని దగ్గరికి రావడానికే జంకారు. మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది నేనే. తెర అంటే మన డ్రాయింగు బల్లే సార్, పొరలంటే ఒకదాని మీద ఒకటి పరిచిన ట్రేసింగ్ కాగితాలు, గోడలకొకటి, మెట్లకొకటి అన్నాను. మీ ముఖం విప్పారింది. ఆ రోజు నాకు మీ మీద గౌరవం ఇంకా పెరిగింది.

తర్వాత నాంపల్లిలో కట్టబోయే లైబ్రరీకి కమిటీ వాళ్ళు డిజైన్ల పోటీ పెట్టారు. చదివే హాలంతా మెట్లుగా ఉండాలన్నది నా ఆలోచన. స్టేషన్ మెట్ల మీద కూర్చుని పేపరు చదివేవాళ్ళను రోజూ చూస్తాను కాబట్టి తట్టింది. నాలుగు నెలలు గీశాను. ఒక పొరలో నా పేరు, ఏ రోజు ఏం తోచిందో రాసి పెట్టుకున్నాను. డిజైను ఎవరిదో రాసి సీలు కవరులో పెట్టే కాగితం మీద "నా పేరు గూడ రాయండి సార్" అని అడిగాను. "గీతలు గీసేవాళ్ళ పేర్లు ఎవరడుగుతారమ్మా?" అన్నారు. మూడో రోజు ఉద్యోగం మానుకోమన్నారు. వెళ్ళేముందు నా పొర తీసేసి వెళ్ళమన్నారు.

తీయలేదు. ఆర్పాను, అంతే. తెర మీద కనిపించకపోయేసరికి మీరు తృప్తిగా డ్రాయింగున్న ఫ్లాపీని కమిటీకి పంపేశారు. బల్ల మీద ట్రేసింగ్ కాగితం ఎత్తేస్తే ఇక లేనట్టే. కంప్యూటర్‌లో ఆర్పిన పొర ఫైల్లోనే ఉంటుంది. పాత వస్తువుతో పోల్చి చెబితే కొత్తది కూడా అచ్చం అలాగే నడుస్తుందని మీరు నమ్మారు. నేను దిద్దలేదు. రేపు బషీర్‌బాగ్‌లో కమిటీ వాళ్ళు ప్రతి పొరా తెరిచి చూస్తారు. అది తలుచుకుంటే చాలా రోజుల తర్వాత అన్నం సయిస్తోంది.

ఇక మీ దగ్గర పనిచేయని
తబిత

తా.క. పొరలన్నీ తెరవమని కమిటీకి ఆకాశరామన్న ఉత్తరం రాసింది నేనే. పోటీ నిబంధనలు మీకు చదివి వినిపించింది కూడా నేనే. డ్రాయింగులో ఎవరి పేరు కనిపించినా ఆ డిజైను చెల్లదు. అంటే రేపు నా పేరు చదివిన మరుక్షణం నా లైబ్రరీనే పక్కన పడేస్తారు. తెలిసే చేశాను. రాత్రంతా ఏడ్చాను కూడా. అయినా మీ పేరుతో లేచే నా మెట్ల ముందునుంచి రోజూ నడవలేను సార్. అక్కడ ఖాళీ స్థలమే ఉండనీ.